సీతాకోకచిలుకకి నాలుగు నిమిషాలు

మొన్న మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో పిల్లల బుర్రకథ మధ్యలో ఆగిపోయింది. మీలో చాలామంది చూసి ఉండరు, అప్పటికే భోజనాల లైను మొదలైంది. 18 నిమిషాల కథని ముందు వారమే 12కి కుదించారు. శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి నాలుగు మిగిలాయి. యాంకరమ్మ వచ్చి "ఎంత ముద్దుగా చేశారో, గట్టిగా చప్పట్లు!" అంది. కథకురాలు పదమూడేళ్ల పిల్ల. భుజాన తంబురా అలాగే ఉంచుకుని, "ఆంటీ, ఇంకా గుడ్డే పెట్టలేదు" అంది. మైకు అప్పటికే కట్టేశారు. ముందు వరుసలో ఉన్న మేం నలుగురం విన్నాం.

గుడ్డు పెట్టాల్సింది మోనార్క్ సీతాకోకచిలుక. 1995 నుంచి మన టెక్సస్ రాష్ట్ర కీటకం. మెక్సికో కొండల్లో చలికాలం గడిపి, దాదాపు మన ఉగాది రోజుల్లోనే ఇక్కడికి చేరుతుంది. దాని గొంగళిపురుగు మిల్క్‌వీడ్ అనే మొక్క ఆకు తప్ప ఇంకో ఆకు ముట్టదు, అందుకే తల్లి వెతుక్కుని ఆ మొక్క మీదే గుడ్డు పెడుతుంది. మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, లెక్కలో అది కలుపు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మోనార్క్‌ని ముప్పున్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది కూడా.

కథ మా గరాజ్‌లో పుట్టింది. మొదట పిల్లలకి అల్లూరి కథ ఇద్దామనుకున్నాను, రాసిపెట్టిన స్క్రిప్టు ఉంది కాబట్టి. వాళ్లకి ఎక్కలేదు. ఒకరోజు కుండీలో మిల్క్‌వీడ్ ఆకు తుంచితే పాలు కారాయి. "చేతులు కడుక్కో, కళ్లలో పడితే చూపు పోతుంది" అన్నాను, అచ్చం మా అమ్మమ్మలా. అమ్మమ్మ అన్నది జిల్లేడు గురించి. రెండూ ఒకే కుటుంబమని, మన ఊళ్లలో జిల్లేడు మీద పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక మోనార్క్‌కి దగ్గర చుట్టమని ఆ సాయంత్రం పిల్లలే వెతికి చెప్పారు. రథసప్తమికి నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాం, వినాయక చవితికి అర్కపత్రం అని పూజిస్తాం, పెరట్లో మొలిస్తే పీకి పారేస్తాం. మన భక్తికి తిథులుంటాయి.

అక్కణ్నుంచి కథ వాళ్లదే. కథకురాలికి ఇరుపక్కలా వంత పాడే ఇద్దరిలో రాజకీయ వంత కుర్రాడు హెచ్‌ఓఏ ప్రెసిడెంటయ్యాడు, హాస్యపు వంత గడ్డి కోసే మిషనయింది. వసంతంలో వచ్చిన సీతాకోకచిలుక వెనక్కి వెళ్లదు. అక్టోబరులో మెక్సికో వెళ్లేది దాని మునిమనవలో, వాళ్ల పిల్లలో. వెళ్లే చోటు ఎన్నడూ చూసి ఎరగవు. కథకురాలు ముగింపులో "మా లాగే, కాని వాటికి దారి తెలుసు" అని రాసింది. 'మాలాగే' అని కలిపి రాయాలని దిద్దాను. నాకప్పుడు తోచింది అంతే.

రాజకీయ వంత ఉన్నదే ఉన్నమాట గుచ్చి చెప్పడానికి. బుర్రకథని బ్రిటిష్ సర్కారూ నిజాం సర్కారూ నిషేధించాయి. ఆ కళకే బుర్రకథ కళాకారుడు నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. సర్కార్లు భయపడి ఆపాయి, మనకి భోజనాల టైమ్ చాలింది.

కార్యవర్గాన్ని తిట్టడం తేలిక. హాలు అద్దె గంటల లెక్కన. సినిమా పాటల మెడ్లీలో 40 మంది పిల్లలుంటే 80 మంది అమ్మానాన్నలు వస్తారు. పచ్చడి కప్పులు, సగం తాగిన నీళ్ల సీసాలు రాత్రి పదకొండున్నరకి నల్ల సంచుల్లోకి ఎత్తిందీ ఆ కార్యవర్గమే. ఆ సీసాల మీద పిల్లలు రాసుకున్న చురక కోతలో పోయింది, కావాలని తీశారని నేననను. కానీ పర్యావరణం అంటే మనకి ఎర్త్ డే నాడు ఆకుపచ్చ టీషర్టులతో ఒక గ్రూప్ ఫొటో. పిల్లల చేత నినాదం చెప్పిస్తే నిమిషంలో అయిపోతుంది. కథయితే గుడ్డు పెట్టేదాకా కూర్చోవాలి.

ఆ రాజకీయ వంత కుర్రాడు, వాళ్ల నాన్న వద్దంటున్నా, తర్వాతి నెల నిజం హెచ్‌ఓఏ మీటింగ్‌కి వెళ్లాడు. చెరువు పక్క జానెడు స్థలం కోయకుండా వదలమని అడిగాడు. ఒప్పుకోలేదు. కానీ మూడు నిమిషాలిచ్చారు, మూడూ విన్నారు. హెచ్‌ఓఏ వాళ్లు!

అక్టోబరులో మన దసరా కార్యక్రమం. అప్పుడు మోనార్క్‌లు మళ్లీ మన మీదుగానే దక్షిణానికి వెళ్తుంటాయి. ప్రార్థనాగీతం అవగానే వీళ్లని ఎక్కించండి, 18 నిమిషాలూ ఇవ్వండి. శాలువాలు తర్వాత కప్పుకుందాం, టెక్సస్ ఎండలో వాటికేం తొందర లేదు.

శనివారాల ప్రాక్టీసు మళ్లీ మొదలైంది. తంబురా తీగ ఒకటి తెగింది, ఎవరైనా హైదరాబాద్ నుంచి వస్తుంటే రెండు తెచ్చిపెట్టండి.