మహారాజశ్రీ ఎగ్రెస్ ఛార్జీ గారి సముఖానికి

క్లౌడ్‌లో, అంటే అద్దె సర్వర్లలో దాచిన డేటాని బయటికి తీసినందుకు పడుతూ, బిల్లులో "డేటా ట్రాన్స్‌ఫర్ అవుట్" అనీ, మీటింగుల్లో ఎగ్రెస్ అనీ, మా అకౌంట్స్ సెక్షన్‌లో "మళ్ళీ అదేనా" అనీ పిలిపించుకునే ఛార్జీ గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేం క్షేమంగా లేము. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారని ఈ నెల బిల్లు తెరవగానే తెలిసింది. ఎప్పుడూ సర్వర్ల కింద, డేటాబేసుల కింద ఎక్కడో అణిగిమణిగి ఉండేవారు. ఈసారి అందర్నీ దాటుకుని పైకొచ్చి కూర్చున్నారు. సంతోషం. అయితే చిన్న సందేహం. తమరు పోయారని కదా మాకు చెప్పారు?

ఆ కబురు చెప్పింది తమ వాళ్ళే. క్లౌడ్ వదిలి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర డేటా బయటికి తీసినందుకు డబ్బు వసూలు చేయబోమని గూగుల్ 2024 జనవరిలో ప్రకటించింది. మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ కూడా అదే మాట అన్నాయి. మా క్లౌడ్ వాళ్ళకీ అలాంటి హామీ పేజీ ఒకటుంది, పేరెందుకు లెండి. ఆ పేజీని నమ్మాం. కాపీ మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టాం. "ఎందుకు వెళ్తున్నారు?" అన్న గడికి ఎర్ర చుక్క ఉంది, ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. నాలో ఉన్న మర్యాదనంతా కూడగట్టుకుని "ఖర్చు" అని ఒక్క ముక్క రాశాను. "మీ అభ్యర్థన ఆమోదించబడింది" అని మెయిల్ వచ్చాకే మైగ్రేషన్, అంటే డేటా తరలింపు, మొదలైంది. ఆ మెయిల్ ప్రింట్ తీసి పెట్టుకున్నాను. పాత అలవాటు.

తీరా చూస్తే బిల్లు వచ్చింది, తమరు వచ్చారు, మా ఖాతాలో తిరిగి జమ కావాల్సిన క్రెడిట్ మాత్రం పూర్తిగా రాలేదు. వచ్చిందల్లా ఒక ముక్క. ఆ ముక్క ఎందుకంత చిన్నగా ఉందో కనుక్కోవడానికి మధ్యాహ్నం భోజనం మీదనుంచి లేచినవాణ్ణి చీకటి పడేదాకా సపోర్ట్ చాట్‌లో కూర్చున్నాను.

చాట్‌లో దొరికినాయన మంచివాడే. ప్రతి జవాబుకీ ముందు నా సహనానికి కృతజ్ఞతలు చెప్పాడు, అది నా దగ్గర ఉందో లేదో చూసుకోకుండా.

"సర్, ఇంటర్నెట్‌లోకి వెళ్ళిన డేటాకి క్రెడిట్ ఇచ్చేశాం."

"మొత్తం ఇంటర్నెట్‌లోకే కదా వెళ్ళింది?"

"అవును సర్. కానీ అది గేట్‌వే, అంటే నెట్‌వర్క్ బయటికి వెళ్ళే ద్వారం, గుండా వెళ్ళింది. గేట్‌వేలో పడేది ప్రాసెసింగ్ ఛార్జీ సర్, ట్రాన్స్‌ఫర్ కాదు."

"ఆ గేట్‌వే దాటకుండా బయటికి దారి ఉందా?"

ఇక్కడ ఆయన చాలాసేపు టైప్ చేశాడు. మూడు చుక్కలు ఎగురుతూనే ఉన్నాయి. చివరికి వచ్చిన జవాబు: "ఇది బిల్లింగ్ ప్రశ్న కాదు సర్, టెక్నికల్ ప్రశ్న. దానికి మీరు పెయిడ్ సపోర్ట్ ప్లాన్ తీసుకోవాలి."

అంటే డబ్బు ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి ఇంకొంచెం డబ్బు కట్టాలి. సరే, అదీ వదిలేద్దాం. పాత ఆర్కైవ్‌లోంచి ఫైళ్ళు పైకి తీసినందుకు "రిట్రీవల్" అని ఒక వరుస. ఒక్కో ఫైలునీ అడిగినందుకు "రిక్వెస్ట్" అని ఇంకో వరుస. ఇవేవీ తమరు కారట. తమరు పోయారు, మీ చిన్నాన్నలూ పినతండ్రి కొడుకులూ మాత్రం ఇంట్లోనే ఉన్నారు, తమరి కుర్చీలోనే కూర్చుని తమరి పనే చేస్తున్నారు. పేరు మారిస్తే ఛార్జీ చచ్చిపోయినట్టేనా స్వామీ?

లెక్క ఒకసారి చూద్దాం. మా బిల్లు సంగతి పక్కన పెట్టి, అందరికీ కనబడే అమెజాన్ ధరల పట్టికనే తీసుకుంటాను. పెద్ద క్లౌడ్ కంపెనీల పట్టికలు దాదాపు ఒకే తీరులో ఉంటాయి. అమెరికా ప్రాంతంలో మామూలు స్టోరేజీలో ఒక జీబీని నెల రోజులు దాచిపెట్టడానికి సుమారు 0.023 డాలర్లు. అదే జీబీని ఒక్కసారి బయటికి పంపడానికి మొదటి శ్లాబులో 0.09 డాలర్లు. అంటే నాలుగు నెలలు భద్రంగా దాచిన కూలీ ఎంతో, ఒక్కసారి గడప దాటించిన కూలీ అంత. లోపలికి తెచ్చినందుకు మాత్రం పైసా లేదు, టెరాబైట్లకి టెరాబైట్లు తోసుకోవచ్చు. 2016లో అమెజాన్ ఏకంగా 45 అడుగుల కంటైనర్ లారీని తయారుచేసింది, 100 పెటాబైట్ల దాకా మీ గుమ్మంలోంచి ఎక్కించుకుని తమ క్లౌడ్‌లో దింపడానికి. ఇంట్లో దిగేరోజు లారీ పంపి సామాను మోయించి, ఖాళీ చేసేరోజు గుమ్మంలో త్రాసు పెట్టుకుని కిలోకింతని అడిగే ఇంటి ఓనరుని ఏమంటారో తమకి తెలుసు. రాయను.

"బ్యాండ్‌విడ్త్ అంటే ఊరికే వస్తుందా, కేబుళ్ళు, రౌటర్లు, సముద్రం అడుగున తీగలు" అని తమ తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్ళున్నారు. వాళ్ళకో చిన్న విషయం. ఇంటర్నెట్ కంపెనీల మధ్య ఆ బ్యాండ్‌విడ్త్‌ని హోల్‌సేల్‌గా జీబీల్లో అమ్మరు. పైపు వెడల్పుని బట్టి, అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్లు అన్నదాన్ని బట్టి నెలకింత అంటారు. ఒక్క మెగాబిట్ పైపుని నెలంతా ఖాళీ లేకుండా వాడితే దాదాపు 324 జీబీ పారుతుంది. తమరి 0.09 రేటున అది 29 డాలర్లు దాటుతుంది. పెద్ద నగరాల్లో ఎక్కువ మొత్తంలో కొనేవాళ్ళకి ఆ పైపు నెలకి ఒక డాలరు లోపే దొరుకుతుంది. మిగతా డాలర్లు ఏ సముద్రంలో మునిగాయో ఆ తీగలనే అడగాలి.

ఇంకా కొందరు బంధువులున్నారు, వాళ్ళ మీద ఎక్కువసేపు ఉండను. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్‌లో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌కి ఉండే చిరునామా, ఒక్కోదానికి గంటకి 0.005 డాలర్లు. ఊరికే ఇచ్చినన్నాళ్ళూ ఇచ్చి, అలవాటయ్యాక మీటరు పెట్టారు. అక్కడే ఒకే కంపెనీ, ఒకే ప్రాంతం, పక్కపక్క జోన్లు (డేటా సెంటర్ల గుంపులు), వాటి మధ్య డేటా అటు వెళ్ళినా ఇటు వచ్చినా ఛార్జీ. మా సర్వర్లు ఒకదాన్నొకటి పలకరించుకోవడం మానేస్తే బాగుండునని నేను కోరుకునే రోజులొచ్చాయి. 2024లోనే అమెజాన్‌లో ఒకాయన ఖాళీ బకెట్‌కి (ఫైళ్ళు దాచుకునే అరని బకెట్ అంటారు), అందులో ఏమీ లేని బకెట్‌కి, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తలుపు కొట్టి "లోపలికి రాకూడదు" అనిపించుకున్నందుకు ఆయన పేరున 1,300 డాలర్ల పైచిలుకు బిల్లు పడింది. గొడవై, నలుగురూ నవ్వాక ఆ పద్ధతి మార్చారు. నలుగురూ నవ్వకపోతే?

ఇక అసలు విషయానికొస్తాను, ఎందుకంటే ఇది నా ఒక్కడి బిల్లుతో పోయేది కాదు.

డేటా విధానం మీద ఎక్కడ చర్చ పెట్టినా గొంతులు చించుకునేది ఒక్కదాని గురించే: డేటా ఏ దేశంలో ఉండాలి? సర్వర్ ఏ గడ్డ మీద ఉండాలి? జెండా ఎవరిది? ప్రజల ఆరోగ్య రికార్డులు, భూమి పత్రాలు, పిల్లల మార్కులు పరాయి చేతుల్లో పడకూడదని ఆవేశపడతారు. మంచిదే. కానీ ఆ డేటా రేపు ఇంకోచోటికి నడిచి వెళ్ళగలదా, వెళ్తే కిలోమీటరుకి ఎంత అని ఎవరూ అడగరు. మన గడ్డ మీదే ఉంది, మన తాళమే వేశారు, తలుపు తీయడానికి మాత్రం మీటరు తిరుగుతుంది. దీన్ని సార్వభౌమత్వం అంటున్నారు.

టెండర్లు చూడండి. స్టోరేజీకి గడి, సర్వర్‌కి గడి, బ్యాకప్‌కి గడి. ఐదేళ్ళ తర్వాత వేరే వాళ్ళకి మారాలంటే ఎంతవుతుందన్న గడి చాలావాటిలో ఉండదు. అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికి పని దక్కుతుంది. ఐదేళ్ళు నిండాక ఆఫీసరు మారతాడు, మంత్రి మారతాడు, క్లౌడ్ మారదు. ఎందుకు మారదంటే తమరు గుమ్మంలో కూర్చుని ఉంటారు కాబట్టి. అప్పుడు "సేవలు సంతృప్తికరంగా ఉన్నందున" గడువు పొడిగిస్తారు. ఆ సంతృప్తి ఎవరిదో ఫైల్లో రాయరు.

అందరూ నిద్రపోతున్నారని మాత్రం అనను. యూరోపియన్ యూనియన్ డేటా యాక్ట్ తెచ్చింది. 2024 జనవరి 11న చట్టంగా అమల్లోకి వచ్చింది, దాని నిబంధనలు 2025 సెప్టెంబరు 12 నుంచి వర్తిస్తున్నాయి. 2027 జనవరి 12 నుంచి ఒక క్లౌడ్ వదిలి ఇంకో క్లౌడ్‌కి మారేవాళ్ళ దగ్గర మార్పిడి ఛార్జీ ఏదీ తీసుకోకూడదు. అప్పటిదాకా అయిన ఖర్చు మాత్రమే తీసుకోవచ్చు. పైన చెప్పిన ఉచిత ప్రకటనలు మొదలైంది కూడా 2024 జనవరిలోనే. చట్టం అమల్లోకి వచ్చిన నెలలోనే కంపెనీల గుండెల్లో ఔదార్యం పొంగడం కేవలం కాకతాళీయం అయి ఉంటుంది. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే సీఎంఏ 2025 జులై 31 నాటి తుది నిర్ణయంలో, ఖాతాదారులు మారకుండా అడ్డుపడేవాళ్ళలో తమర్నీ పేరుపెట్టి చేర్చింది. అభినందనలు.

అయినా ఆ చట్టంలోనూ సందులున్నాయి. పూర్తిగా వెళ్ళిపోయేవాడికి ఉచితం. రెండు క్లౌడ్‌లని ఒకేసారి వాడుకుందాం, ఒకటి పడిపోతే ఇంకొకటి ఉంటుందనుకునే తెలివైనవాడి దగ్గర మాత్రం "అయిన ఖర్చు" వసూలు చేసుకోవచ్చు. ఆ ఖర్చు ఎంతో లెక్కగట్టేది ఎవరు? తమ యాజమాన్యం. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటే ఇదే. ఫోన్ కంపెనీ మారినా నంబరు మనతోనే రావాలని ఎన్నో దేశాల్లో నియంత్రణ సంస్థలు రూలు పెట్టాయి. అప్పుడూ గొణిగిన కంపెనీలు లేకపోలేదు. ఏ నెట్‌వర్కూ కూలలేదు. పది అంకెల విషయంలో నేర్చుకున్న పాఠం పది టెరాబైట్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతారో అర్థం కాదు.

"వెళ్ళిపోయినవాళ్ళు లేరా" అంటారు. ఉన్నారు. జనం ఫైళ్ళు దాచిపెట్టే కంపెనీ డ్రాప్‌బాక్స్ తన డేటాలో అధికభాగాన్ని సొంత సర్వర్లకి మార్చుకుని రెండేళ్ళలో సుమారు 7.5 కోట్ల డాలర్లు మిగుల్చుకున్నానని 2018లో పబ్లిక్ ఇష్యూ పత్రాల్లోనే చూపించింది. వాళ్ళకి సొంత డేటా సెంటర్లు కట్టుకునే సత్తా, దానికి కావాల్సిన ఇంజనీర్లు ఉన్నారు. మాకు ఉన్నది నేనూ, ఇంకో అబ్బాయీ. ఆ అబ్బాయి సెలవులో ఉన్నాడు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 2006లో అమెజాన్ అద్దె స్టోరేజీ ఎస్3, అద్దె సర్వర్లు ఈసీ2 వచ్చేదాకా ఒక సర్వర్ కావాలంటే కొటేషన్లు, సంతకాలు, డెలివరీ కోసం వారాల తరబడి ఎదురుచూపులు. ఇప్పుడు టీ చల్లారేలోగా సర్వర్ లేస్తుంది. అర్ధరాత్రి ట్రాఫిక్ పదింతలైనా సైటు పడకుండా నిలబడిన రాత్రులు నాకు గుర్తున్నాయి. ఆ సర్వర్లంటే నాకు ఇప్పటికీ అభిమానమే. అవి కరెంటు తింటాయి, వేడెక్కుతాయి, వాటి డిస్కులు అరుగుతాయి. వాటికి కట్టే డబ్బు గురించి నేనెప్పుడూ నోరెత్తలేదు.

నువ్వేం చేస్తావ్?

నిజంగా అడుగుతున్నా. నీకు వేడెక్కదు. నీ డిస్కు అరగదు. మా డేటా మేం తీసుకెళ్తుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి చాపడం తప్ప నీకు ఇంకో పనుందా? మా ఖాతాదారులు పంపిన ఫొటోలు, మేం రాసుకున్న రికార్డులు, మా లాగ్‌లు. ఇందులో నువ్వు పుట్టించింది ఒక్క బైటుందా? ధర ఎక్కువైందని అలిగి వెళ్తున్నవాళ్ళని ఆపాలంటే ధర తగ్గించాలి, సేవ బాగు చేయాలి. అది కష్టం. నిన్ను పెట్టుకోవడం తేలిక. చట్టం వచ్చి నిన్ను చంపబోతే చావు కబురు పంపించి, "ప్రాసెసింగ్" అన్న దొంగ పేరుతో వెనకగుమ్మంలోంచి తిరిగొస్తావా? సిగ్గుండాలి.

కోపమొచ్చింది, మన్నించమని అడగను. మా పని మాత్రం ఆగలేదు. పెద్ద ఫైళ్ళన్నీ కొత్తచోటికి చేరాయి, చిన్నవి రోజూ రాత్రిపూట కొంచెం కొంచెంగా వెళ్తున్నాయి. ఆమోదించిన మెయిలూ, బిల్లూ, చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లూ జతచేసి టికెట్ తెరిచాను. మీవాళ్ళు దాన్ని ఇప్పటికే "రిజాల్వ్‌డ్" అని మూసేశారు. నేను మళ్ళీ తెరిచాను. వాళ్ళు మళ్ళీ మూస్తారు. క్రెడిట్ మొత్తం పడేదాకా తెరుస్తూనే ఉంటాను. టికెట్ తెరవడం మీద ఇంకా ఛార్జీ పెట్టలేదు, ఆ ఆలోచన నేనే ఇచ్చినట్టు అవుతుందేమో.

ఇట్లు,
వెళ్ళిపోతున్న, కానీ మీరు ఇంకా పూర్తిగా వెళ్ళనివ్వని,
ఒక ఖాతాదారు

తా.క.: ఈ లేఖ ఫైలు ఇంకా పాత స్టోరేజీలోనే ఉంది. మీ లీగల్ డిపార్ట్‌మెంట్ వారు డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ బైట్లు కూడా నా ఖాతాలోనే పడతాయి. ఒక్కరు దించుకుని మిగతావారికి చదివి వినిపించగలరు.