తిట్టడం తెలిసిన అభిమానం

1998 ఫ్రాన్స్ ప్రపంచకప్ కోసం స్కాట్లాండ్ ఫుట్‌బాల్ జట్టుకు డెల్ అమిత్రి బృందం పాడిన అధికారిక గీతం పేరు ‘డోంట్ కమ్ హోమ్ టూ సూన్’. కప్పు తెమ్మని అడగని ఆ పాట, మరీ తొందరగా ఇంటికి రావద్దని మాత్రమే వేడుకుంది. తన ఆటగాళ్లను సాగనంపుతూ ఒక దేశం ఇంత నిజాయితీగా పాడిన పాట నాకు మరొకటి తెలియదు.

ఆ నిజాయితీ ఊరికే రాలేదు. 1978 ప్రపంచకప్‌కు ముందు స్కాట్లాండ్ హాస్యనటుడు ఆండీ కామెరాన్ పాడిన ‘ఆలీస్ టార్టన్ ఆర్మీ’ కప్పు తమదేనని చాటి, అర్హత సాధించలేకపోయిన ఇంగ్లండ్‌ను ఎద్దేవా చేసింది. తీరా అర్జెంటీనా వెళ్లాక స్కాట్లాండ్ పెరూ చేతిలో 1-3తో ఓడింది, ఇరాన్‌తో 1-1తో సరిపెట్టుకుంది. నెదర్లాండ్స్‌ను 3-2తో ఓడించినా గోల్స్ తేడాతో ఇంటిముఖం పట్టింది. అప్పుడు పక్కింటివారిపై విసిరిన ఎగతాళిని 20 ఏళ్ల తర్వాత ఆ దేశం తనవైపే తిప్పుకుంది.

ముందే ఓటమిని తలచుకుంటే ఆటగాళ్ల ధైర్యం సడలుతుందని కొందరంటారు. కానీ 1978లో పాట నిండా ధైర్యమే ఉన్నా, పెరూ ఆటగాడు క్యుబియాస్ కొట్టిన రెండు గోల్స్‌ను అది ఆపలేకపోయింది.

సొంతవాళ్లను ఇలా ఎగతాళి చేస్తూ అభిమానించడం మనకు కొత్త విద్య కాదు, తిడుతున్నట్టే పొగిడే నిందాస్తుతి. చెరసాలలో మగ్గిన రామదాసు తాను చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి రాముణ్ని నిలదీశాడు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును శతకం పొడవునా దెప్పిపొడిచాడు. అంత చనువు సొంతమనుకున్నవారికే ఉంటుంది, పరాయివారి పొగడ్తలో అది వెతికినా దొరకదు.

అటువంటి భాష మాట్లాడే మనం క్రికెట్ జట్టు కోసం కట్టుకునే పాటల్లో మాత్రం సింహాలు, పులులు, జెండాలు తప్ప మరేమీ వినిపించవు. పాటలో చోటు దొరకని విమర్శ ఎక్కడికీ పోదు, వీధిలోకి వస్తుంది. 2007 ప్రపంచకప్ తొలి దశలోనే మన జట్టు వెనుదిరిగే స్థితి వచ్చినప్పుడు దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటిపై దాడి జరిగింది. అంతకుముందు రోజుదాకా అతణ్ని దేవుడిలా కొలిచినవారికి, నవ్వుతూ కోప్పడే పాట ఒక్కటైనా నోటికి అలవాటై ఉంటే ఆ చేతులు రాళ్లకోసం వెతికేవి కావని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే మన గీత రచయితలను అడుగుతున్నాను: వచ్చే టోర్నీకి కట్టే పాటలో మన మిడిలార్డర్ కుప్పకూలే తీరు మీద ఒక్క చరణమైనా రాయండి.