పరికరం పలకకపోతే ముందు న్యూలైన్ చూడండి

కంప్యూటర్ నుంచి సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) ద్వారా ఆసిలోస్కోపుతో, అంటే విద్యుత్ సంకేతాలను తరంగాలుగా చూపే పరికరంతో, మాట్లాడే పద్ధతిని నేను చదివిన ఒక వ్యాసంలో చక్కగా చెప్పారు కానీ, కొత్తవాళ్లు తల పట్టుకునే చోటును ఒక్క వాక్యంతో దాటేశారు. పరికరం ఆదేశాలు అందుకునే 5025 పోర్టుకు కనెక్షన్ కుదురుతుంది, 'నువ్వెవరు?' అని అడిగే '*ఐడీఎన్?' ఆదేశం పంపుతాం, పరికరం ఉలకదు పలకదు. చివర న్యూలైన్ (వరుస ముగిసిందని చెప్పే అక్షరం) లేకపోతే ఆదేశం పూర్తయిందని దానికెలా తెలుస్తుంది? నేనైతే ఒక పూటంతా కేబుళ్లు మార్చి చూశాను!

ఇక వేవ్‌ఫారం డేటా, అంటే పరికరం కొలిచి పంపే తరంగపు విలువలు. సాకెట్ వెనక డేటాను చేరవేసే టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతికి సందేశాల హద్దులు తెలియవు, ఒక్కసారి చదివితే మొత్తం రాకపోవచ్చు. జవాబు '#800001000' అని మొదలైతే, 8 చెప్పినట్టు దాని తర్వాతి ఎనిమిది అంకెలే డేటా పొడవు, అంటే వెయ్యి బైట్లు. అన్నీ అందేదాకా చదువుతూనే ఉండాలి. మధ్యలో 10 విలువున్న (న్యూలైన్ కోడ్ కూడా 10 యే) బైటు కనిపిస్తే న్యూలైన్ అనుకుని ఆగిపోకండి, అదీ కొలతే.