గోడను తప్ప అందర్నీ అడగండి

దసరాకు ఇంటికి రంగులేయించాలన్న తీర్మానం వరంగల్‌లో వినాయకుడు చెరువు చేరిన మర్నాడు ఆమోదం పొందుతుంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ వాకిట్లోకి వచ్చేసరికి ఇల్లు తళతళలాడాలి. చేతిలో ఉన్నది ఒక్క పక్షం. గోడలు అప్పటికే మూడు నెలల వాన తాగి ఉంటాయి, వేసిన కోటు ఆరాలంటే గాలికి ఓపిక ఉండదు. కార్తీకం దాటాక గోడ పొడిగా ఉంటుంది, పెయింటర్ కూడా మొదటి రింగుకే ఫోన్ ఎత్తుతాడు. నిజమే. కానీ అప్పుడు ఇంటికి ఎవరొస్తారు? ఆడబిడ్డలు చూడని రంగు రంగే కాదు.

ఈ పద్ధతిని ఎగతాళి చేసేవాళ్లు ఊళ్లో కొందరున్నారు. రంగు సంగతి తర్వాత, ముందు గోడ సంగతి చూడమంటారు వీళ్లు. వీళ్ల వాదనను శాస్త్రీయంగా ఖండించడం ఇప్పుడు అత్యవసరం.

మన పద్ధతిలో మొదటి అంచె కమిటీ. ఇంటి యజమాని అధ్యక్షుడు, అంటే డబ్బు ఇవ్వడం తప్ప అధికారం లేనివాడు. కాజీపేట నుంచి వదినె, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో కొడుకు, వాస్తు చూసే సారు శాశ్వత సభ్యులు. ఈశాన్యానికి లేత పసుపు, ఆగ్నేయానికి నారింజ, నైరుతికి మట్టి రంగు అని వాస్తు సారు తేల్చేస్తారు. త్రీ బీహెచ్‌కే ఫ్లాట్‌లో ఇవన్నీ ఒక్క హాల్లోంచే కనిపిస్తాయన్నది ఆయన పరిధిలోకి రాదు. షేడ్ కార్డులో ఉన్న వెయ్యి పైచిలుకు రంగులనూ కమిటీ రోజుల తరబడి పరిశీలించి, చివరికి ఏకగ్రీవంగా క్రీమ్ కలర్ ఎంచుకుంటుంది. ఒక్క గోడకు మాత్రం మెరూన్. ఆ గోడ కొడుకు కోటా.

షేడ్ కార్డు మీద రంగు ముక్క రెండు అంగుళాలుంటుంది. అదే రంగు నాలుగు గోడలకూ ఎక్కితే, ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి మొత్తం గది ముదురుతుంది. కార్డు మీద లేత గులాబీ అనుకున్నది గదిలో రూహఫ్జా అవుతుంది. అందుకే తెలిసినవాళ్లు నచ్చిన దానికన్నా ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోమంటారు. ఫోన్‌లో చూసిన ఫొటోను అసలే నమ్మొద్దంటారు, కెమెరా తెలుపును తన ఇష్టమొచ్చినట్టు సరిదిద్దుకుంటుందని. ఇంకా ఘోరమైన సలహా ఒకటుంది. చిన్న శాంపిల్ డబ్బా కొని, ప్రైమర్ అనే అడుగు పూత వేసిన గోడ మీద రెండడుగుల చదరం రెండు చోట్ల వేసి, ఆరనిచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడమంటారు. తడి మీద లేతగా కనిపించే ఎమల్షన్ ఆరాక ఒక పిసరు ముదురుతుందట. 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు కింద బూడిద రంగు నీలంగా, 3000 కెల్విన్ పసుపు బల్బు కింద అదే బురదగా తేలుతుందట. ఒక్క పూట చూసి తేల్చగలిగే దానికి మూడు పూటలు చూస్తే ఇక కమిటీ ఎందుకు? వదినెకు ఏం పని మిగులుతుంది?

మెరూన్ గోడ గురించి ఒక మాట. ముదురు ఎరుపు, గాఢమైన పసుపు రంగులకు కప్పే గుణం తక్కువ. రెండు కోట్లకు కింద తెలుపు తొంగిచూస్తుంది, మూడోది, ఒక్కోసారి నాలుగోది కావాలి. అడుగున బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేస్తే ఒక కోటు మిగులుతుందని దుకాణంలో మిషన్ మీద రంగు కలిపే కుర్రాడికి తెలుసు. అతన్ని అడిగిన కమిటీ లేదు. చేర్యాల నకాశీ కళాకారులు పటంలో వెనకంతా ఎరుపు పరిచేముందు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి అడుగు సిద్ధం చేసుకుంటారు. పాపం, వాళ్లకు డల్లాస్ నుంచి సలహా అందే వీలు లేకపోయింది.

రెండో అంచె, మేస్త్రిని పట్టుకోవడం. లేబర్ అడ్డా మీదో, పక్కింటి రంగు చూసి ముచ్చటపడో, మేనబావమరిది చెప్పాడనో ఒకతను వస్తాడు. ఇల్లంతా ఒక రౌండు తిరుగుతాడు, టేపు తీయడు. గోడకేసి చూసి, పైకప్పుకేసి చూసి, యజమాని మొహంలోకి చూసి ఎస్‌ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగుల లెక్క, చెబుతాడు. చివరిదే అన్నిటికన్నా కచ్చితమైన కొలత.

టేపు తీస్తే ఏమవుతుందో చూడండి. పదహారు, పన్నెండు అడుగుల హాలు, ఎత్తు పది. గోడలు 560 చదరపు అడుగులు, పైకప్పు 192, మొత్తం 752. ఏడు, మూడు అడుగుల తలుపు ఒకటి, నాలుగడుగుల కిటికీలు రెండు తీసేస్తే 53 పోయి దాదాపు 700. తలుపులు, కిటికీలు మినహాయించడం ఈ ప్రాంతపు ఆచారంలో లేదు. వాటి అంచులకు బ్రష్షు పనుంటుంది కాబట్టి మినహాయించొద్దని మేస్త్రి అంటాడు, అందులో కొంత న్యాయం ఉంది. గ్రిల్లుకు, తలుపుకు మళ్లీ వేరే లెక్క కడతాడు, అందులో లేదు.

ఈ హాలు గోడలకు రెండు కోట్లు వేయాలంటే, తలుపు, కిటికీలు పోను మిగిలిన 507 అడుగులకు, రెండు కోట్లూ కలిపి లీటరుకు అరవై అడుగుల చొప్పున ఎనిమిదిన్నర లీటర్లు చాలు. పది లీటర్ల బకెట్ తెస్తే సరి. మేస్త్రి ఇరవై రాసిస్తాడు. ఎందుకు? పెయింట్ డబ్బాలో పెయింటర్‌కని కంపెనీ పెట్టే టోకెనో, స్కాన్ చేసే కోడో ఉంటుంది. డబ్బా పెద్దదైతే పాయింట్లు పెద్దవి. ఇందులో దాపరికం లేదు, అది వ్యాపారం. ఫలానా కంపెనీదే మంచిదని మేస్త్రి గుండె మీద చెయ్యేసి చెప్పినప్పుడు ఆ చెయ్యి జేబు మీద కూడా ఉందని గుర్తుంచుకుంటే చాలు. ఒక్కసారి రంగు కలిపిన డబ్బాను దుకాణం వాపస్ తీసుకోదు. మిగిలిన పదకొండున్నర లీటర్లు సజ్జ మీదికెక్కుతాయి.

లెక్క మరీ తక్కువ చేసినా ముప్పే. సగంలో రంగు అయిపోయి, వారం తర్వాత అదే కోడ్‌తో ఇంకో డబ్బా కలిపించి తెస్తే ఆ గోడ మధ్యలో సరిహద్దు రేఖ వెలుస్తుంది. రంగు చుక్కలు కలిపే బేస్ పెయింట్ లాట్ మారినా తేడా వస్తుంది, మిషన్‌లో ఒక చుక్క అటూ ఇటైనా వస్తుంది. అన్ని డబ్బాలూ ఒకేసారి తెచ్చి ఒక డ్రమ్ములో కలిపేసుకోవాలి. లేదంటే కొత్త డబ్బాను గోడ మూలనుంచి మొదలుపెట్టాలి, నడిమధ్యలో కాదు.

ఇక లప్పం, అంటే రంగుకు ముందు గోడకు పట్టించే పుట్టీ. ఈ వ్యాసంలో చదవదగ్గ భాగం ఇదొక్కటే, అందుకని కమిటీ సభ్యులు దీన్ని దాటేయవచ్చు.

గోడకు నునుపు వచ్చేది లప్పంతో, రంగుతో కాదు. సిమెంట్ లప్పం నలభై కిలోల బస్తాకు దాదాపు 15 లీటర్ల నీళ్లు పడతాయి. కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి. సాయంత్రం మిగిలిన దాన్ని పొద్దున మళ్లీ నీళ్లు పోసి కలిపితే చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, కానీ అందులోని సిమెంట్ రాత్రే బిగిసి చచ్చిపోయింది. అది గోడ మీద బియ్యప్పిండిలా రాలుతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నాలుగు వారాలు ఆరాలి. సిమెంట్ లప్పం పెట్టేముందు గోడను కాస్త తడపాలి, లేకుంటే పొడిగోడ లప్పంలోని నీటిని పీల్చేసుకుంటుంది. డబ్బాలో వచ్చే అక్రిలిక్ లప్పానికి మాత్రం కింద ప్రైమర్ కావాలి. మన దగ్గర రెండింటికీ ఒకటే మంత్రం: "ఏం గాదు సారూ, మేము ఎప్పుడు గిట్లనే పెడ్తం."

రెండు కోట్లూ కలిపి మిల్లీమీటరున్నర మించొద్దు. ప్లాస్టరింగ్ వంకర్లను లప్పంతో నింపుదామనుకుంటే అంతమందం నిలవదు, పగిలి పెచ్చులుగా ఊడుతుంది. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య వచ్చే నిలువు చీలికను గాడిలా కోసి, క్రాక్ ఫిల్లర్ నింపి, జాలీ టేపు అంటించాలి. మన మేస్త్రి బొటనవేలితో లప్పం కూరుతాడు. వచ్చే ఎండాకాలానికి ఆ చీలిక తన పాత చోటుకు తిరిగొస్తుంది.

తర్వాత ఎమరీ పేపర్. మొదట 180, చివర 320. ఇక్కడే పని ఆగిపోతుంది. రుద్దుడు ఎవరికీ కనిపించదు, దుమ్ము మాత్రం కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్కు ఇచ్చేవాడుండడు. ఎస్‌ఎఫ్‌టీకి రెండు రూపాయలు తగ్గించానని యజమాని అంగట్లో చెప్పుకుంటాడు గానీ, ఆ రెండు రూపాయలు రుద్దుడులోంచే పోయాయి. మేస్త్రిని తిట్టేముందు ఈ లెక్క చూసుకోవడం మర్యాద.

రుద్దారో లేదో తెలుసుకోవాలంటే రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చిని గోడకు ఆనించి అడ్డంగా వేయండి. లప్పం పట్టీ ఆగిన గీతలు, దువ్వెన చారలు, అలలు, సూది బెజ్జాలు అన్నీ నీడలు వేసుకుని బయటికొస్తాయి. పెన్సిల్‌తో సున్నాలు చుట్టండి. ఇది ప్రైమర్‌కు ముందు చేయాలి. మెరుపు రంగు వేసి, ఆ గోడ మీదే ట్యూబ్‌లైటు బిగించాక కనిపిస్తే, ఇక జీవితాంతం సోఫాలో ఆ వైపు కూర్చోకపోవడమే దారి. ప్రైమర్ వేసేముందు గోడ మీది పొడిని బట్టతో తుడవాలి. తుడవకపోతే ప్రైమర్ దుమ్మును పట్టుకుంటుంది, గోడను కాదు.

మట్టెవాడ, గిర్మాజీపేటల్లోని పాత ఇళ్లకు ఇంకో చిక్కు. తరాలుగా నీలిమందు కలిపి వేసిన సున్నం పొరలు గోడ మీద పేరుకుని ఉంటాయి. అరచేత్తో రుద్దితే చేతికి తెల్లగా అంటిందా, గీకాలి. టేపు అంటించి చటుక్కున లాగితే పొర వచ్చేసిందా, ఇంకా గీకాలి. గీకకుండా ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే అది ఆరుతూ బిగుసుకుని, కింద సున్నాన్ని కూడా పట్టుకుని చాపలా ఊడుతుంది. గీకుడు కూలి విడిగా అడిగితే కమిటీ దాన్ని దుబారా కింద కొట్టేస్తుంది. కమిటీ లెక్కలో గోడకు తల్లి లేదు, తండ్రి లేడు, ఓటు లేదు.

చెమ్మ విషయంలో కమిటీ చూపే ధైర్యం మరీ గొప్పది. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ వరద చూసిన హన్మకొండ కాలనీల్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడే చెబుతుంది. ఆ గీత కింద ఉప్పు తెల్లగా పూస్తుంది. నీటితో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులపాలి, గోడ ఆరేదాకా ఆగాలి. ఆరిందో లేదో తెలియాలంటే అడుగున్నర పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేస్తే సరి. లోపల నీటి చుక్కలు పట్టాయంటే రంగు డబ్బు దాచుకోండి, ముందు బాత్రూం గోడ పైపునో, మేడ మీది ట్యాంకు కిందనో వెతకండి. వేయిస్తంభాల గుడి 1163లో కట్టారు, రామప్ప 1213లో. కాకతీయులు రాతి మీద లప్పం పెట్టలేదు, బహుశా మన మేస్త్రి దొరికి ఉండడు.

ఇనుప గేటు సంగతి రెండు ముక్కల్లో. తుప్పు గీకి, రెడాక్సైడ్ ప్రైమర్ వేసి, ఆరాక ఎనామిల్ వేయాలి. తుప్పు మీదే వేసింది తుప్పుతోపాటే రాలుతుంది. టర్పెంటైన్ బదులు కిరోసిన్ కలిపితే గేటు జిగురుగా ఉండి, దసరా నాడు వచ్చిన ప్రతి బంధువు చేతినీ గుర్తుగా ఉంచుకుంటుంది. బయటి గోడలకు లోపలి రంగు వేస్తే రెండు వానలకు సుద్దముక్క అవుతుంది.

మూడో అంచె, ఎదురుచూపు. భాద్రపదంలో ఒక్కో మేస్త్రికీ ఇంటింటా బయానా అందుతుంది, మనిషి మాత్రం ఒక్కడే. మూడో రోజుకు అతను మాయమవుతాడు. ఫోన్ చేస్తే సమాధానం సిద్ధం: "నిచ్చెన మీ ఇంట్లనే ఉన్నది కద సారూ, ఎక్కడికి పోత?" వరంగల్ జిల్లా మొత్తంలో ఇంతకన్నా బలమైన హామీపత్రం లేదు. పని జరిగిన మేరకే డబ్బివ్వాలని, లప్పం రుద్దుడు చూశాకే రెండో విడత ఇవ్వాలని, చివరి విడతలో కొంత టచప్ అయ్యేదాకా ఆపుకోవాలని పెద్దలు చెబుతారు. ఆ నిచ్చెనను చూశాక యజమాని చెయ్యి తనంతట తానే జేబులోకి పోతుంది.

అంతా అయ్యాక అసలు తగాదా మొదలవుతుంది. ఖాళీ బకెట్లు ఎవరివి? ఇరవై లీటర్ల గట్టి బకెట్, హ్యాండిల్‌తో సహా. ఇంటామెకు నీళ్లకు, తులసి మొక్కకు కావాలి, మేస్త్రికి అది కూలిలో భాగం. ఒప్పందంలో ఎస్‌ఎఫ్‌టీ రాస్తారు, కోట్లు రాస్తారు, దీన్ని మాత్రం ఎవరూ రాయరు. బకెట్ పోతే పోయింది, కానీ షేడ్ కోడ్, బేస్, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ మూత మీదే అతికించి ఉంటుంది. రేపు సోఫా తగిలి గోడ గీసుకుపోతే అదే క్రీమ్ మళ్లీ కలిపించడానికి ఆధారం అదొక్కటే. వెయ్యి క్రీముల్లో మీ క్రీమ్ ఏదో వదినె కూడా చెప్పలేదు. అందుకని మూత ఇంట్లో ఉంచుకుని బకెట్ ఇచ్చేయమని చెబుతుంటే, మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మూత లేని బకెట్ ఏం జేసుకోను సారూ?"