ఫెయిరింగు కింద మూలనున్న ఆఖరి బోల్టు గారికి

మహారాజశ్రీ ఆఖరి బోల్టు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరమూ క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. స్పోర్ట్ బైకు ముందూ పక్కలా కప్పే ప్లాస్టిక్ తొడుగుని, అదే ఫెయిరింగుని, విప్పేద్దామని కూర్చున్నాం. నిన్నటి ఆదివారం మధ్యాహ్నమంతా తమరి సన్నిధిలోనే, గచ్చు మీద ఒక పక్కకి ఒరిగి పడుకుని, సెల్‌ఫోను లైటు నోట కరుచుకోవడంతో గడిచిపోయింది. తమరు మాత్రం కదల్లేదు. కాదు, అబద్ధం ఎందుకు, కదిలారు. ఉన్నచోటే గుండ్రంగా, హాయిగా తిరిగారు. బయటికే రాలేదు.

తమరి తోటివాళ్లు ఎంత మర్యాదస్తులో ఒకసారి గుర్తుచేస్తాం, ఏమీ అనుకోకండి. సీటు తీసి బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాక, అద్దాలు వచ్చాయి, విండ్‌షీల్డు స్క్రూలు వచ్చాయి. ట్యాంకు పక్కనున్న 6 మి.మీ. అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) 5 నంబరు అలెన్ కీ పెట్టగానే టక్కున లొంగిపోయాయి. ప్లాస్టిక్ రివెట్లు కూడా, ముట్టుకుంటే ముక్కలయ్యే జాతి అయినా సరే, నడిమి పుల్లని 2 మి.మీ. లోపలికి నొక్కేసరికి పట్టు వదిలేశాయి. (పూర్తిగా నొక్కితే ఆ పుల్ల లోపలెక్కడో రాలిపోతుంది. అది నొక్కినవాడి తప్పు, రివెట్టుది కాదు.) అట్టముక్క మీద బండి బొమ్మ గీసి, ఎక్కడి బోల్టు అక్కడే గుచ్చిపెట్టాం. బొమ్మ నిండింది. కుడివైపు, కింద, ముందు చక్రం వెనకాల మూలన ఒక్క చిల్లు ఖాళీ. అది తమరి సింహాసనం.

ఆ స్థలం ఎంచినవాడికి ఒక దణ్ణం. చక్రం ఎగజిమ్మే నీళ్లూ, బురదా, కంకరా నేరుగా వచ్చి తగిలేది అక్కడే. మడ్‌గార్డు అంతదూరం రాదు. వానాకాలంలో దిగిన బురద రోహిణి కార్తె నాటికి తమరి తలలో గుంటని పూర్తిగా పూడ్చేస్తుంది. అసలా గుంటెంత? 5 మి.మీ. బటన్ హెడ్ (గుండీలాంటి పల్చటి తల) బోల్టు, 3 నంబరు కీ, లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. అందులో ఒక మిల్లీమీటరు మట్టే. కీ పైపైన ఆనుతుంది, తిప్పగానే మూలలు చెరిగిపోతాయి, ఆరు పలకల గుంట కాస్తా గుండ్రమవుతుంది. అందుకే తమరి దర్శనానికి వచ్చేవాడు ముందు తెచ్చుకోవాల్సింది పానా కాదు, పిన్నీసు. గుంటలో ఎర్రమట్టి అడుగుదాకా గీకాలి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వాలి, ఆ తర్వాతే కీ. అదీ బంతి చివర ఉన్న వైపు కాదు, చదును వైపు. కీ అరిగినట్టుంటే గ్రైండరు మీద చివర అర సెంటీమీటరు కోసిపారేస్తే కొత్త మూలలు వస్తాయి.

ఇవన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి స్వామీ. పిన్నీసు, స్ప్రే, కొత్త కీ. లోపం ఎక్కడా లేదు.

ఇప్పుడు తమరి అర్ధాంగి గురించి. రబ్బరు నట్టు గారు. ఒక రబ్బరు గొట్టం, పైన పల్చటి అంచు, అడుగున ఇత్తడి మర. బోల్టు బిగించే కొద్దీ ఇత్తడి మన వైపుకి జరుగుతుంది, రబ్బరు పొట్టి అయి వెనక ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పట్టు. అదురు తట్టుకుంటుంది, ప్లాస్టిక్ పగలదు, వెనక్కి చెయ్యి పోనిచోట కూడా బిగుస్తుంది. కొత్తలో దీన్ని కనిపెట్టినవాణ్ణి మెచ్చుకోబుద్ధవుతుంది. నాలుగు వానలు తిన్నాక ఇత్తడికీ ఇనుముకీ తుప్పు బ్రహ్మముడి వేస్తుంది. ఆ ముడి రబ్బరు పట్టుకంటే గట్టిది. ఇంకేముంది, బోల్టుని తిప్పితే ఇత్తడి రబ్బరులోంచి ఊడొచ్చి తిరుగుతుంది, లేదా రబ్బరుతో సహా దంపతులిద్దరూ చిల్లులోనే ప్రదక్షిణాలు చేస్తారు.

మొండి బోల్టులకి లోకంలో ఉన్న మందులన్నీ వెనక గట్టి ఆధారం ఉందన్న ధైర్యంతో కనిపెట్టినవే. సుత్తి దెబ్బని తిప్పుడుగా మార్చే ఇంపాక్ట్ డ్రైవర్ మీద కొడితే ఆ దెబ్బంతా రబ్బరు మింగేసి తిరిగి చేతికే ఇస్తుంది. అరిగిన గుంటలోకి నక్షత్రం మొన ఉన్న టీ20 సైజు టార్క్స్ బిట్టు దిగగొట్టాలన్నా అదే గతి. డ్రిల్లుతో తల ఎగరగొడదామంటే బిట్టుతో పాటు తమరూ తిరుగుతారు, పక్కనున్న పెయింటు వేడెక్కుతుంది తప్ప తల తెగదు. ఎడమకు తిరిగే బిట్టు పెట్టినా అంతే, కాకపోతే ప్రదక్షిణం అటునుంచి ఇటు. వేడి చేద్దామా? పక్కనే ఏబీఎస్ ప్లాస్టిక్, 100 డిగ్రీల చుట్టుపక్కలకే మెత్తబడే సరుకు. పైన జానెడు దూరంలో పెట్రోలు ట్యాంకు. బ్లోల్యాంపు పట్టుకొచ్చే మెకానిక్ కనిపిస్తే ముందు బండి తోసుకుని పారిపోవాలి.

ఒరేయ్, ఇక గార్లూ బూర్లూ అయిపోయాయి. గట్టితనం చూపించి నిలబడ్డావంటే దండం పెట్టేవాళ్లం. ఇంజిన్ మౌంటు బోల్టు మొండికేస్తే దానికో అర్థముంది, అది ఇంజిన్ మోస్తోంది. నువ్వు మోసేదేమిట్రా? అరచేతి వెడల్పు ప్లాస్టిక్కు! నీ ఖరీదు టీ ఖరీదంత ఉండదు, నువ్వు ఊడకపోతే పక్క ప్యానెలు రాదు, పక్క ప్యానెలు రాకపోతే హెడ్‌లైటు స్టే, అంటే లైటుని మోసే చట్రం, రాదు, ఆ స్టే రాకపోతే మీటరూ, వైరింగూ, హారనూ ఏవీ చేతికందవు. సహనం పోయినవాడు ఇక్కడే ప్యానెల్ని ఒక్క గుంజు గుంజుతాడు. నువ్వు రావు, ట్యాంకు కింద గ్రామెట్లో (రబ్బరు కన్నంలో) దూరే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. నీ అసలు పథకం అదేనని మా అనుమానం.

నీకు విరుగుడు లేకపోలేదు, విను. ముందు తిప్పడం ఆపాలి. తిప్పేకొద్దీ రబ్బరు నున్నబడి నీకే మేలు. ప్యానెలుకీ లోపలి బ్రాకెట్టుకీ మధ్య పాత ఏటీఎం కార్డు దూర్చి, ప్యానెల్ని మెల్లగా బయటికి ఎగదోస్తూ ఒకరు పట్టుకుంటే, రబ్బరు అంచు ఒరుసుకుని కాసేపైనా తిరగడం మానేస్తుంది. సగం మంది బోల్టులు అక్కడే వస్తాయి. రాకపోతే అదే సందులోంచి సన్నమూతి ప్లయరుతో రబ్బరు అంచు పట్టుకోవాలి. అదీ చిరిగిపోతే, గ్రిప్ ప్లయరుతో నీ తల బిగించి పట్టుకుని, హాక్‌సా బ్లేడుకి ఒక కొస గుడ్డ చుట్టి, పెయింటు పక్కన మాస్కింగ్ టేపు వేసి, సందులోకి దూర్చి నీ మెడ కోసేయడమే. పది నిమిషాల పని. వెనక మిగిలిన మొండెం దానంతటదే రాలిపోతుంది. ఆ చప్పుడు వినడానికి ఎంత బాగుంటుందో నీకేం తెలుసు.

ఇంత తంటా ఎందుకంటావా? ఫెయిరింగు విప్పిన స్పోర్ట్ బైకు, అదే స్ట్రీట్‌ఫైటర్, కావాలని మా కోరిక. బ్రిటన్‌లో ఆ మోజు మొదలైందే పడిపోయిన స్పోర్ట్ బైకుల నుంచి. పగిలిన ఫెయిరింగు మళ్లీ కొనే స్తోమత లేక, ఉన్నది పీకేసి, గుండ్రటి లైట్లూ చదును హ్యాండిలూ పెట్టుకుని నడిపారు. వాళ్ల అదృష్టం, ఫెయిరింగుని రోడ్డే ఊడబెరికింది, నీలాంటివాడితో పని పడలేదు. చివరికి కంపెనీలే ఆ వేషం కట్టాయి. 1997లో ట్రయంఫ్ స్పీడ్ ట్రిపుల్ రెండు గుండ్రటి కళ్లతో వచ్చింది. మన దగ్గర యమహా ఆర్15 పక్కన ఎంటీ-15, బజాజ్ పల్సర్ ఆర్ఎస్200 పక్కన ఎన్ఎస్200 ఉన్నాయి కాబట్టి, బట్టలు విప్పిన తోబుట్టువు సామాన్లు హైదరాబాదు పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడగొచ్చు. అయితే ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాల, మందం వెర్నియర్ కాలిపరుతో కొలవకుండా హెడ్‌లైటు బ్రాకెట్ కొంటే డబ్బు దండగ. ఒకే పేరున్న బండికి కూడా మోడలు మారితే ఫోర్కు మారుతుంది, 41 మి.మీ. ఒకచోట, లావు గొట్టం పైకి వచ్చే తలకిందుల ఫోర్కు ఇంకోచోట.

నువ్వు ఊడిన తర్వాత ఉన్న పని వింటే నీకే సిగ్గేస్తుంది. ఫెయిరింగు లోపల కంపెనీవాడు దాచిన వైర్ల కట్ట ఒక్కసారిగా బయటపడుతుంది. ఒక్క వైరూ కోయకూడదు, ప్రతి కనెక్టరుకీ టేపు మీద పేరు రాసి, గుడ్డ టేపు చుట్టి ట్యాంకు కిందికి తొయ్యాలి. కొన్ని బళ్లలో బండి పడితే ఇంజిన్ ఆపే సెన్సారు ఆ ముందు స్టే మీదే ఉంటుంది. దాన్ని వైరుకి వేలాడదీస్తే బండి పడిందనుకుని ఇంజిన్ స్టార్టే కానివ్వదు. ఏ కోణంలో ఉండేదో అదే కోణంలో, బాణం గుర్తు పైకి చూసేలా బిగించాలి. ఇక్కడ నెత్తి బాదుకున్నవాళ్లు చాలామంది. 60/55 వాట్ల హెచ్4 బల్బంటే 5 ఆంపియర్లు, 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి పాత సన్నటి వైరు మీద భారం వేయకుండా, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు. లైటు వాలు సరిచూసుకోవడానికి గోడ చాలు: 10 మీటర్ల దూరంలో డిమ్ము వెలుగు గీత లైటు మధ్య ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందపడాలి. చదును హ్యాండిల్ పెట్టాక ఇంజిన్ ఐడిల్లో ఉంచి రెండువైపులా పూర్తిగా తిప్పాలి. ఆర్‌పీఎం పెరిగిందా, యాక్సిలేటరు కేబులు పొడవు చాలలేదన్నమాట. బ్రేకు గొట్టం మారిస్తే రెండు రాగి వాషర్లూ కొత్తవే.

రేడియేటరుకి జాలీ పెట్టాలి, మోకాళ్లకి ఫ్యాను వేడి కొట్టకుండా ఏ దేవుడూ కాపాడడు. విజయవాడ హైవేలో నందిగామ దాటాక గంటకి 100 కి.మీ. వేగంలో గాలి ఛాతీ మీద కూర్చుంటుంది. అదీ మేం కోరి తెచ్చుకున్నదే, దాని నేరం నీ మీద వేయం. ఆర్సీలో రాసిన వివరాలకి తేడా రాకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది, 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా కట్టించే వీలుంది. కాబట్టి ఫ్రేము మీద గ్రైండరు పెట్టం. ఊడిన ప్రతి ముక్కా దుప్పటిలో చుట్టి అటక మీదికే.

అంటే, బండి అమ్మేరోజున మళ్లీ ఆ మూలన ఒక బోల్టు బిగించక తప్పదు. స్టెయిన్‌లెస్ బోల్టు, కొత్త రబ్బరు నట్టు, మరలకి రాగి గ్రీజు, తల గుంటలో ఇంకాస్త గ్రీజు అద్ది. ప్యానెలు ఇన్నేళ్లూ గలగలమనకుండా పట్టుకున్నావని ఒప్పుకుంటాం. ఆ ఒక్క మాటకే నీ వారసుడికి గ్రీజు ఎక్కువ రాస్తున్నాం.

ఇట్లు,
మోచేతులు చెక్కుకుపోయిన,
3 నంబరు కీ ధారపోసిన,
తమరి మాజీ భక్తుడు.

తా.క.: యమహా బళ్ల కుడి అద్దం మర ఎడమ వాటం. హ్యాండిల్ మీద కొత్త అద్దం బిగించేటప్పుడు మామూలుగా కుడికి తిప్పుతూ బలం పెట్టినవాడు బ్రేకు లివరు పట్టు మొత్తం మార్చుకున్నాడు. అది నీ తప్పు కాదని తెలుసు. అయినా నీ ఖాతాలోనే రాసుకుంటున్నాం.