మహారాజశ్రీ వాపు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ వాపు గారి దివ్య సముఖమునకు,

ఎరుపు, వేడి, పొంగు, నొప్పి అనే నలుగురు పరివారంతో తమరు ఎక్కడికైనా వేంచేస్తారని రోమన్ రచయిత సెల్సస్ సుమారు రెండు వేల ఏళ్ల కిందటే రాసి పెట్టాడు. కాబట్టి పరిచయాలు అక్కర్లేదు. అడగాల్సింది ఒక్కటే: తమర్ని పిలిచేదెవరు? ముల్లు గుచ్చుకుంటే సూక్ష్మజీవుల మీద నెట్టేయొచ్చు. మరి మడమ బెణికితే? చర్మం చిట్లదు, చుక్క రక్తం బయటికి రాదు, ఏ క్రిమీ లోపలికి దూరే దారే ఉండదు. అయినా గంట తిరక్కుండానే తమరు హాజరు.

ఎవరిని అడిగినా హిస్టమిన్ అనే రసాయనం వైపు వేలు చూపిస్తున్నారు. 1920ల్లో లండన్‌లో థామస్ లూయిస్ అనే డాక్టరు చర్మం మీద గీత గీసి చూశాడు. ముందు గీత ఎర్రబడింది, తర్వాత చుట్టూ ఎరుపు పాకింది, ఆపైన దద్దురులా లేచింది. చర్మంలోంచే హిస్టమిన్ లాంటి పదార్థమేదో విడుదలవుతోందని తేల్చాడు. ఆ సరుకు ఎవరి దగ్గర నిల్వ ఉందో తెలియడానికి మాత్రం 1953 దాకా పట్టింది. చర్మం లాంటి చోట్ల ఉండే మాస్ట్ కణాల దగ్గర ఉందని రైలీ, వెస్ట్ అనే ఇద్దరు చూపించారు. తమాషా ఏమిటంటే, ఆ కణాలను 1870ల్లోనే పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూశాడు. రేణువులతో కిక్కిరిసి ఉండేసరికి, ఇవి బాగా మేసిన కణాలు కాబోలు అనుకున్నాడు. వాపును చూసి బలుపనుకోవడం అన్న సామెత ఇంత అక్షరాలా నిజమైన సందర్భం ఇంకోటి ఉండదు.

సరే, నేరస్థుడు దొరికాడు, ఫైలు మూసేద్దామా అంటే కుదరదు. హిస్టమిన్‌కు అడ్డుపడే సిట్రిజిన్ మాత్ర వేసుకుంటే దద్దురు తగ్గుతుంది గానీ బెణుకు వాపు దాన్ని పెద్దగా లెక్కచేయదు. అంటే ఇంకెవరో కూడా తమరికి కబుర్లు పంపుతున్నారు.

ప్రోస్టాగ్లాండిన్లు అనే రెండో బ్యాచ్ ఉంది. 1930ల్లో వీటిని మొదట వీర్యంలో కనుగొన్నారు కాబట్టి నింద పాపం ప్రోస్టేట్ గ్రంథి మీద పడింది. తీరా చూస్తే ఒంట్లో దాదాపు ప్రతి కణజాలమూ వీటిని తయారు చేసుకోగలదు. నిల్వ ఉంచే పని కూడా లేదు. కణం తన పొరలోని కొవ్వునే కోసి, అరాకిడోనిక్ ఆమ్లం తీసి, అప్పటికప్పుడు తయారు చేస్తుంది. ఈ తయారీకి ఆస్పిరిన్ అడ్డుపడుతుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చెప్పింది 1971లో. అప్పటికి ఆ మాత్ర డెబ్బై ఏళ్లకు పైగా అమ్ముడవుతోంది. ఎలా పనిచేస్తుందో తెలియకుండానే ప్రపంచమంతా మింగింది!

తమర్ని పిలిచే మూడో పదార్థం బ్రాడీకైనిన్ సంగతి మరీ విడ్డూరం. బ్రెజిల్‌లో రోషా ఇ సిల్వా బృందం కుక్క రక్తంలోని ప్లాస్మాకు పాము విషం కలిపితే బయటపడింది. దాని ముడిసరుకు కాలేయంలో తయారై రక్తంలో ఊరికే తిరుగుతూ ఉంటుంది, ఎక్కడ గాయమైతే అక్కడ తెగి పనిలోకి దిగుతుంది.

ఇక అసలు విషయం. తమర్ని పిలిచేవాళ్లలో చచ్చిన కణాలే ముఖ్యులని నా అనుమానం. పద్ధతి ప్రకారం చనిపోయే కణం తన సామాను తనే మూటగట్టుకుంటుంది, గోల చేయదు. దెబ్బ తగిలి పగిలిన కణం అలా కాదు. కణానికి ఇంధనంగా లోపల ఉండాల్సిన ఏటీపీ, కేంద్రకంలో ఉండాల్సిన హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీనూ బయట పడతాయి. కొత్తగా తయారైన సందేశాలేం కావవి, ఇంటి సామానే. ఉండకూడని చోట కనిపించడమే వాటి నేరం.

అందులోనూ మైటోకాండ్రియా గోడు వినాలి. ఒకప్పటి బాక్టీరియా సంతతి, వంద కోట్ల ఏళ్లకు పైగా కణంలో అద్దెకుంటూ శక్తి రూపంలో అద్దె కడుతున్న జీవి. కణం పగిలి అది బయటపడగానే దాని డీఎన్‌ఏ, ప్రోటీన్ ముక్కల పాత పోలికలు చూసి తమరి న్యూట్రోఫిళ్లు అనే తెల్ల రక్తకణాలు క్రిమి వచ్చిందని ఎగబడతాయి. పెద్ద గాయాలైనవాళ్ల రక్తంలో ఈ డీఎన్‌ఏ పోగవుతుందని 2010లో చూపించారు. ఇంత పాత కాపురస్తుడికి కూడా గుర్తింపు కార్డు లేదా అండీ?

పక్కింటివాళ్లూ ఊరుకోరు. మన వాగుల్లోనూ దొరికే జీబ్రా చేప పిల్లల తోక రెక్క కోసి 2009లో హార్వర్డ్‌లో చూశారు. గాయం అంచున ఉన్న పైపొర కణాలు కొద్ది నిమిషాల్లోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలాయి, తెల్ల రక్తకణాలు ఆ దారి పట్టుకుని వచ్చాయి. పుండు కడగమని మందుల షాపువాడు ఇచ్చే సీసాలో ఉండేదీ అదే!

తమరికి రాసుకునేది ఏమంటే, పిలుపు కాగితాలు ఇన్ని చేతుల మీదుగా వస్తున్నాయి కాబట్టి ఒక్కరి మీద కేసు పెట్టలేం. కానీ పిలుపులు రాసిన ఆ అరాకిడోనిక్ ఆమ్లంతోనే కణాలు తర్వాత లిపాక్సిన్లు తయారు చేసి "ఇక చాలు, దయచేయండి" అని కూడా రాస్తాయి. ఆ ఉత్తరాలు అందనట్టు తమరు నటిస్తున్న చోట్లు చాలా ఉన్నాయి. కీళ్లవాతం ఉన్నవాళ్ల వేళ్ల కణుపుల్లో ఏళ్ల తరబడి మకాం వేశారు. అక్కడి నుంచి ఎప్పుడు బయల్దేరుతున్నారో ముందుగా తెలియజేయగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విడిది ఖర్చులు భరిస్తున్న ఒక శరీరం