ఉరి మీద చివరి సంతకం ఎవరిది?

ఎక్కడైనా ఘోరం జరిగిన మర్నాడు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర నిలబడండి, మొదటి గ్లాసు ఖాళీ అయ్యేలోపే తీర్పు వచ్చేస్తుంది: ఉరి తీసెయ్యాలి. మొన్న అలాంటి మాటల మధ్యలో నేను, "హాంకాంగ్ బ్రిటిష్ కాలనీగా ఉన్నప్పుడు అక్కడి జనం ఇలాగే అడిగితే లండన్ ఒప్పుకోలేదు" అన్నాను. కోర్టులో క్లర్కుగా చేసి రిటైరైన బాబాయి గ్లాసు బల్ల మీద పెట్టి, "మజ్జిన ఆలెవులు సెప్పడానికి?" అన్నారు.

నేను ఉరికి పూర్తిగా వ్యతిరేకిని. అయినా ఆ ప్రశ్నకి వెంటనే జవాబు దొరకలేదు.

బ్రిటన్ తన ఇంట్లో హత్యకు ఉరిని 1965లో ఆపింది, కాలనీల్లో చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. హాంకాంగ్‌లో చివరి ఉరి 1966లో జరిగింది. 1973లో ఒక వాచ్‌మన్‌ని చంపిన వ్యక్తికి క్షమాభిక్ష ఇవ్వనని గవర్నర్ మెక్‌లీహోస్ తేల్చేస్తే, లండన్ సలహా మీద రాణి శిక్ష తగ్గించారు. ఊళ్లో జనం మండిపడ్డారు. ఆ తర్వాత 1993లో రద్దయ్యేదాకా కోర్టులు ఉరిశిక్ష విధిస్తూనే ఉన్నాయి, గవర్నర్లు తగ్గిస్తూనే ఉన్నారు.

ఇంతవరకే చదివితే లండన్‌ది మంచి మనసు అనిపిస్తుంది. మరి అట్లాంటిక్‌లో ఉన్న మరో బ్రిటిష్ కాలనీ బెర్ముడా? అక్కడ 1973లో గవర్నర్ షార్పుల్స్ హత్య జరిగింది. ఆ హత్యలో ఒకరు, ఒక సూపర్‌మార్కెట్‌లో జరిగిన హత్యల్లో ఆయనతో పాటు మరొకరు దోషులుగా తేలారు. ప్రాణభిక్ష పెట్టమని అక్కడ వేలమంది సంతకాలు చేశారు. ఈసారి లండన్ అడ్డు పడలేదు. 1977 డిసెంబర్ 2న ఇద్దరినీ ఉరి తీశారు. నల్లజాతి జనం రోడ్డెక్కారు, అల్లర్లు రేగాయి, తగలబడిన హోటల్లో ముగ్గురు చనిపోయారు, చివరికి బ్రిటిష్ సైనికుల్ని విమానాల్లో దింపాల్సొచ్చింది. అంటే జనం ఉరి కావాలన్న చోట లండన్ ఆపింది, వద్దని మొత్తుకున్న చోట చేతులు కట్టుకు కూర్చుంది.

మనకిది కొత్తేం కాదు. 1931లో భగత్ సింగ్‌ను, ఆయన సహచరుల్ని ఉరి తీయొద్దని దేశమంతా వేడుకుంది, కలం వైస్రాయ్ ఇర్విన్ చేతిలో ఉంది, ఆయన కదల్లేదు.

1991లో కేమన్, ఆంగ్విలా, మాంట్‌సెరాట్ లాంటి, తన పాలన కింద ఉన్న ఐదు కరీబియన్ భూభాగాల్లో హత్యకు ఉరిని లండన్ ఒక్క ఆర్డర్‌తో ఎత్తేసింది. అక్కడి శాసనసభలు తమంతట తాము ఆ పని చేయలేదు మరి. ఫలితం నాకు నచ్చింది, పద్ధతి మాత్రం మింగుడుపడలేదు. పైగా ఆ ఉరి చట్టాలు నాటింది కూడా వాళ్లే కదా. మనకి 1860లో శిక్షాస్మృతి రాసిచ్చారు, అందులో హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 మొన్న 2024 జూలైలో న్యాయసంహిత 103 అయింది, ఉరి అలాగే ఉంది. క్షమాభిక్ష సంతకం ఇప్పుడు రాష్ట్రపతిది, సలహా కేంద్ర కేబినెట్‌ది, ఆ కేబినెట్ నిలబడేది మన ఓట్ల మీద.

బాబాయికి ఇది చెప్తే, "అయితే తిట్టుకోడానికైనా మనకో మనిషున్నాడు" అని ఇంకో టీ చెప్పారు. 1991 ఆర్డర్ అందుకున్న ఆ దీవుల ఓటర్లకు లండన్ పార్లమెంటులో అప్పుడు ఒక్క సీటు కూడా లేదు. ఇప్పటికీ లేదు.